వసుంధర ఆంటీ విమానానికి కొత్త ఇంజను

ఆదివారం పొద్దున నార్త్ యార్క్‌లోని మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో కాఫీ తాగుతూ కూర్చుంటే, అప్పుడప్పుడు ఒక చిన్న విమానం మా మీదుగా వెళ్తుంది. పెద్ద విమానాల ఉరుము లాంటి మోత కాదు అది. దూరంగా ఎక్కడో పిండిమర ఆడుతున్నట్టు ఒకే తీరుగా సాగే చప్పుడు. అది వినపడగానే నా చేతిలో కప్పు ఆగిపోతుంది. విమానం పూర్తిగా దాటిపోయేదాకా గుక్క మింగను. "మళ్ళీ మొదలైందా నీకు?" అని మా ఆయన నవ్వుతాడు. నవ్వుకోనీ. ఆయన వసుంధర ఆంటీ పక్కన కూర్చుని ఎగరలేదు, ఆయనకేం తెలుసు?

నేను చదువు కోసం వాటర్లూ వచ్చిన రోజుల్లో ఏ బస్సెక్కినా వెనక సీట్లలో తెలుగే వినపడేది. కాలేజీలో సీటు దొరకడం తేలిక, తల దాచుకోవడానికి గది దొరకడమే గగనం. అద్దెకు అడగబోతే మనవాళ్ళే గుమ్మంలో నిలబెట్టి, నీసు వండుతావా, పార్ట్‌టైమ్ ఎక్కడ చేస్తావు, స్నేహితులు వస్తారా అని కూపీ లాగేవారు. వసుంధర ఆంటీ మాత్రం తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసి ఒకే ఒక ప్రశ్న వేశారు.

"కార్లో పోతే వాంతులు అయితాయా నీకు?"

"లేదాంటీ."

"అయితే బేస్‌మెంట్ నీదే. సామాన్లు తెచ్చుకో."

ఆ ప్రశ్న ఎందుకో తర్వాతి వారం తెలిసింది. ఆంటీది కర్నూలు. డాలస్‌లో చాలా ఏళ్ళు ఉద్యోగం చేసి, అక్కడి నుంచి వాటర్లూ వచ్చి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరుగా ఉండేవారు. యాభై దాటాయి. మోకాళ్ళ నొప్పులని మెట్లు దిగేటప్పుడు గొణుక్కునేవారు. అలాంటి మనిషికి ఊరి బయట చిన్న ఎయిర్‌పోర్టులో నాలుగు సీట్ల పాత విమానం ఒకటి సొంతంగా ఉందని, దాన్ని ఆవిడే నడుపుతారని నేను కళ్ళారా చూసేదాకా నమ్మలేదు. వాళ్ళాయన రమణ అంకుల్‌ది రాజమండ్రి. "మా ఆవిడకి అక్కడ రెండో కాపురం ఉందమ్మా. వారానికోసారి వెళ్ళి దాని బాగోగులు చూసి వస్తుంది," అనేవారు. ఆయన మాత్రం ఏనాడూ విమానం ఎక్కలేదు, ఎయిర్‌పోర్టు గేటు కూడా దాటలేదు. పక్క సీట్లో తోడు కోసమే ఆంటీ బేస్‌మెంట్‌లో వాంతులు కాని పిల్లల్ని పెట్టుకునేవారు.

ఆ పక్క సీటు నాదైంది. గాల్లోకి లేచాక ఆంటీకి ఒక అలవాటు. మామిడికాయ పప్పు గురించో, ఆఫీసులో ఎవరి గురించో చెబుతూ చెబుతూ మధ్యలో ఆపి, "ఇప్పుడు ఇంజను ఆగిపోతే యాడ దిగుదాం?" అని అడిగేవారు. నేను కిందికి చూసి ఒక పొలం చూపించాలి. చూపిస్తే, ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దే టీచరులా తప్పులు పట్టేవారు. "అది మొక్కజొన్న, నిలువెత్తు ఉండాది, చక్రాలు చిక్కుకుంటాయి." "దాని మధ్యలో కరెంటు తీగలు కనపడలేదా?" మొదట్లో ఆ ప్రశ్న వింటేనే సీటు అంచు పట్టుకునేదాన్ని. కొన్నాళ్ళకు అదొక ఆటయింది. బస్సులో వెళ్తూ కూడా కిటికీలోంచి పొలాలు ఎంచుకునేదాన్ని.

చలి ముదరక ముందు, పంటకోతలు అయిపోతున్న ఒక మధ్యాహ్నం ఆంటీ ఎప్పటిలాగే అడిగారు. కుడి వైపు కోత కోసేసిన సోయా చేను కనపడితే చూపించాను. "బాగుండాది. గాలి కూడా మనకు ఎదురే, దిగినాక తొందరగా ఆగుతాం. ఈసారి ఫుల్ మార్కులు," అన్నారు. ఆ మార్కుల సంతోషం తీరక ముందే ముందు భాగంలో ఎవరో సుత్తితో కొట్టినట్టు పెద్ద చప్పుడైంది. విమానమంతా వణికింది. అద్దం మీదికి నల్లటి ఆయిలు చారలు చారలుగా పాకింది. ముందు తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయి కర్రలా నిలబడిపోయింది. ఆ తర్వాత వినపడింది గాలి ఒక్కటే. అంత నిశ్శబ్దం నేను అంతకు ముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

ఆంటీ వెంటనే విమానం ముక్కు కిందికి వంచారు. పడిపోతున్నామనుకుని నేను సీటు పట్టుకున్నాను. ఇంజను పోయినప్పుడు పైకి లాగాలనిపిస్తుందని, లాగితే నిజంగా పడతామని, కిందికి వంచితేనే రెక్కలు మోస్తాయని ఆవిడ తర్వాత చెప్పారు. ఆ క్షణంలో మాత్రం ఆవిడ గొంతులో పప్పు గురించి చెప్పేటప్పటి తీరే ఉంది.

"నువ్వు చూపించిన చేనుకే పోతున్నాం. బెల్టు గట్టిగా లాక్కో. నీ పక్క తలుపు గడి తియ్. కింద తగిలినాక ఇరుక్కోకూడదు."

నేను గడి తీశాను. ఆవిడ రేడియోలో రెండు ముక్కలు మాట్లాడి, చూపు చేను మీదే నిలిపారు. చేను పెద్దదైంది, ఇంకా పెద్దదైంది, చక్రాలు కోసిన మొదళ్ళ మీద దబదబా ఎగిరెగిరి పడి, చివరికి ఆగాయి. కాసేపటికి ఆంటీ నా వైపు తిరిగారు.

"వాంతి?"

"రాలేదాంటీ."

"మంచి పిల్లవి."

ఆ మాటకు ఇద్దరికీ నవ్వు వచ్చింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. నవ్వుతూనే ఆవిడ బెల్టు విప్పుకోబోతే రెండుసార్లు చెయ్యి జారింది, నేనే విప్పాను. చేను యజమాని ట్రక్కు వేసుకుని వచ్చి, విమానం చుట్టూ ఒకసారి తిరిగి, "సోయా కోసమైతే ఆలస్యంగా వచ్చారు, కోతలు అయిపోయాయి," అన్నాడు. దాంతో మళ్ళీ నవ్వు మొదలైంది.

రమణ అంకుల్ కారులో వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం. ఆయన నవ్వలేదు. అద్దం మీది ఆయిలును వేలితో తుడిచి, ఆ వేలిని చూసుకుని, మమ్మల్ని ఇంటికి తీసుకొచ్చారు. భోజనాల దగ్గర గాని నోరు విప్పలేదు.

"అమ్మేద్దాం వసుంధరా."

"ఇంజను ఒకటే కదండీ పోయింది. విమానానికి గీత కూడా పడలే."

"నేను విమానం గురించి మాట్లాడట్లేదు."

ఆంటీ కలుపుతున్న అన్నం ఆపేశారు. వాళ్ళ మధ్య నేనెందుకని లేవబోతే చేత్తోనే కూర్చోమన్నారు. "సరే. కొత్త ఇంజను బిగించినాక ఒక్కసారి మీరు వచ్చి, దగ్గరుండి, అంతా చూడండి. చూసినాక కూడా వద్దంటే అమ్మేస్తా. మళ్ళీ దాని పేరెత్తను," అన్నారు. అంకుల్ మజ్జిగ పోసుకున్నారు. ఆంటీ ఆడిన మాట తప్పే రకం కాదని ఇద్దరికీ తెలుసు, ఆ పూటకు నాకూ తెలిసింది.

రెక్కలు విప్పి, లారీ మీద వేసి, విమానాన్ని ఎయిర్‌పోర్టులోని రేకుల షెడ్డుకు చేర్చారు. గ్రెగ్ అనే మెకానిక్ విప్పి చూస్తే, ఇంజను లోపల కడ్డీ ఒకటి విరిగి పక్క గోడను పగలగొట్టుకుని బయటికి వచ్చింది. నా పిడికిలి పట్టేంత బొక్క. బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు, మొత్తం మార్చాల్సిందే. కొత్త ఇంజను దేశానికి పశ్చిమాన ఎక్కడో తయారై రావాలి. చలికాలమంతా ఎదురుచూపే.

ఆ చలికాలం నా జీవితంలో అన్నిటికంటే హాయిగా గడిచిన చలికాలం. ప్రతి శనివారం ఆంటీతో షెడ్డుకు వెళ్ళేదాన్ని. ఇంజను తీసేస్తే విమానం ముందు భాగం తేలికైపోయి తోక నేలకు ఆనుతుంది. అలా కాకుండా ఏదైనా బరువు కట్టమని గ్రెగ్ చెబితే, ఆంటీ ఇండియన్ స్టోరులో సోనామసూరి బస్తాలు కొని ఇంజను ఉండాల్సిన చోట తాళ్ళతో వేలాడదీశారు. "ఇంట్లో బియ్యం నిండుకున్నాయి, నా సవతి దగ్గర్నుంచి ఓ బస్తా పట్రా," అని అంకుల్ వేళాకోళం చేసేవారు. వేళాకోళమే గాని, షెడ్డుకు మాత్రం రాలేదు.

మా పని తుడవడం, విప్పడం, పారేయడం. విరిగిన ఇంజను నుంచి ఇనుప రజను ఆయిలు గొట్టాల్లోకి కొట్టుకుపోయి ఉంటుందట. పాత గొట్టం ఒక్కటి మిగిలినా ఆ రజను కొత్త ఇంజన్ను కూడా తినేస్తుందట. ఆంటీ ఒక్కో గొట్టాన్ని దీపం కింద పెట్టి చూపించేవారు, లోపల మెరుపు పొడిలా తళతళలాడేది. ఒకనాడు ధైర్యం చేసి అడిగాను.

"ఇంత చేశాక అంకుల్ వద్దంటే?"

"అమ్మేస్తా. మాటిచ్చినా కదా."

"బాధుండదా ఆంటీ?"

"ఉండకుండా యాడికి పోతాది? శానా ఉంటాది." గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "ఆయన కింద బిక్కుబిక్కుమంటా కూచోనుంటే, నేను పైన సంతోషంగా ఎట్ల తిరిగేది చెప్పు."

మంచు కరిగాక ఇంజను పెద్ద చెక్కపెట్టెలో వచ్చింది. గ్రెగ్ బిగించాడు. మొదటిసారి స్టార్ట్ చేసే రోజున రమణ అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డారు. ఆంటీ లోపల కూర్చుని మీట తిప్పారు. ఇంజను రెండు సార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కొద్దిసేపు తిప్పి ఆపాక, గ్రెగ్ టార్చి పట్టుకుని కిందికి వంగి, అక్కడే ఉండిపోయాడు.

ఇంజను కింద పరిచిన తెల్ల అట్ట మీద ఎర్రటి చుక్కలు పడుతున్నాయి.

ఈ విమానాల్లో ఎర్రగా ఉండేది బ్రేకు ఆయిలు. బ్రేకు గొట్టాలేమో అంత ముందుకు రావు. "ఇది ఇక్కడికి రాకూడదే," అని గ్రెగ్ గొణుక్కుంటూ పైమూత మళ్ళీ విప్పడం మొదలుపెట్టాడు. ఆంటీ దిగి వచ్చి ఆ చుక్కలు చూశారు, తర్వాత అంకుల్‌ను చూశారు. చలికాలమంతా పడ్డ కష్టం అట్ట మీద బొట్టు బొట్టుగా కారిపోతున్నట్టే ఉంది నాకు. చూసినాక వద్దంటే అమ్మేస్తానన్నది ఆవిడే. ఆయన చూస్తూనే ఉన్నారు.

గ్రెగ్ ఇంజను పక్కన వేలు పెట్టి తుడిచాడు. ఎర్రటి ముద్ద అంటుకుంది. వాసన చూశాడు. ఆంటీకి చూపించాడు. అప్పుడు వెనక నుంచి అంకుల్ గొంతు సవరించుకున్నారు.

"అది లీకు కాదండీ. కుంకం."

అంకుల్ నేల చూపులు చూస్తూ చెప్పుకొచ్చారు. "నిన్న ఆఫీసు నుంచి వస్తూ ఇటొచ్చాను. మూత తీసి ఉంది. కొత్త బండికి బొట్టు పెట్టకుండా ఎలా వసుంధరా? ఎవరికీ కనపడకూడదని లోపలికి పెట్టాను. ఆయిలు తగిలి కారుతుందని నాకేం తెలుసు."

ఇంటికి కొత్త మిక్సీ వచ్చినా పసుపు కుంకుమ పెట్టి గాని స్విచ్చి వేయని మనిషి ఆయన. ఆ సంగతి ఆంటీకి గుర్తుండాల్సింది. ఆవిడ నవ్వబోయారు గాని నవ్వు రాలేదు, కళ్ళు నిండిపోయాయి. ఆయన చొక్కా గుండీ దగ్గర నుదురు ఆనించి అలాగే నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కాకు ఆయిలు అంటుకుంది. నేను షెడ్డు తలుపు వైపు తిరిగి ముక్కు చీదుకున్నాను.

నేను విషయం వివరించాక గ్రెగ్ సాలోచనగా తల ఊపి, "ఇది భద్రత కోసమా?" అని అడిగాడు. "అవును," అన్నారు అంకుల్, ఏ మాత్రం తడుముకోకుండా. "అయితే ఆయిలు తగలని చోట పెట్టండి," అని గ్రెగ్ ఇంజను శుభ్రంగా తుడిచి, మూత బిగించి, విమానం ముక్కు మీద చోటు చూపించాడు. అంకుల్ కారులోంచి కొబ్బరికాయ కూడా తెచ్చారు. పెంకు ముక్కలు ఫ్యానుకు తగులుతాయని గ్రెగ్ దాన్ని దూరంగా గడ్డిలో కొట్టించాడు. ప్రసాదం అందరికంటే ఎక్కువ తిన్నది అతనే.

పరీక్షలన్నీ అయ్యాక ఆంటీ ఒక్కరే పైకి వెళ్ళాలి. మొదటిసారికి ఎవరినీ ఎక్కించుకోకూడదు. "కొత్త ఇంజను, మెల్లగా నడుపు," అన్నారు అంకుల్. "మెల్లగా నడిపితేనే లోపలి భాగాలు కుదురుకోక పాడవుతాదండీ. దీన్ని గట్టిగా పరిగెత్తించాల," అని ఆవిడ ఎక్కి కూర్చున్నారు. చెప్పినట్టే పూర్తి మోతతో ఎయిర్‌పోర్టు మీదే చుట్లు కొట్టారు. అంకుల్ మెడ వెనక్కి వాల్చి, విమానం ఎటు తిరిగితే అటు తిరుగుతూ నిలబడ్డారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మంచినీళ్ళిస్తే పట్టుకున్నారు గాని తాగలేదు.

చక్రాలు నేలను తాకి, విమానం మా ముందుకు వచ్చి ఆగింది. గ్రెగ్ ఇంజను వైపు పరుగెత్తాడు. ఆంటీ అతన్ని పలకరించలేదు. చెవులకున్న హెడ్‌సెట్ కూడా తీయకుండా తలుపు తెరిచి, మొగుడి వైపు చూసి ఒకటే మాట అన్నారు.

"దిగినానండీ."

"చూశాను," అన్నారు అంకుల్. గ్లాసులో నీళ్ళు అప్పుడు తాగారు. గ్రెగ్ అన్నీ సరిచూసి సరేనన్నాక అంకుల్ నా హెడ్‌సెట్ కోసం చెయ్యి చాపి, "ఈసారికి నేను వెళ్ళొస్తానమ్మా," అన్నారు. అమ్మకం ఊసు ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు. వాళ్ళిప్పుడు ఆల్బర్టాలో ఉన్నారు, ఇద్దరూ కలిసి ఎగురుతున్నారు.

ఆ రోజు వాళ్ళిద్దరూ పైకి వెళ్ళాక నేను కింద మిగిలాను. మెడ వెనక్కి వాల్చి, ఆ చుక్క ఎటు తిరిగితే అటు తిరిగాను. పక్క సీట్లో కూర్చుని చేనులోకి దిగినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. నేను ఖమ్మం నుంచి బయలుదేరి వచ్చిన రోజున, ఇక్కడ దిగాక సిమ్ కార్డు, సామాన్లు, గది అంటూ తిరిగి, అన్నీ కుదిరాక తీరిగ్గా మా అమ్మకు ఫోన్ చేశాను. అప్పుడు ఆవిడ "తిన్నావా?" అని మాత్రమే అడిగింది. అప్పటిదాకా ఎలా నిలబడిందో నేను అడగలేదు. ఇప్పుడు బస్సు దిగినా, రైలు దిగినా, పొద్దున ఆఫీసు పార్కింగులో కారు ఆపినా, బెల్టు విప్పక ముందే అమ్మకు ఒక మెసేజ్ పెడతాను. 'దిగాను.' అక్కడ అది ఏ వేళైనా సరే, వెంటనే అమ్మ చూసినట్టు నా ఫోనులో గుర్తు పడుతుంది.