పొద్దుటి విమానం, పొద్దుటి బస్సు

మా పాళేనికి వచ్చే పొద్దుటి బస్సును ఆపేసినారు డిపో మేనేజరు గారు. జనం ఎక్కడం లేదంట... నష్టమంట. ఎక్కే జనాన్ని ఆయన ఒక్క పొద్దన్నా వచ్చి చూసినాడా? ఆ కోపంతోనే రాయడానికి కూర్చున్నా. కూర్చుంటే మా నాయన మాట ఒకటి గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు... పొద్దున్నే మా నెత్తి మీదుగా ఒక విమానం పోయేది. మద్రాసు నుంచి కలకత్తాకు, తీరం పట్టుకుని. అది పోయిందంటే అవ్వ గంప దించి, ఇసకలో చేపలు ఎండకు పరిచేది. మా ఇంటికి గడియారం అదే.

ఒకరోజు బడిలో సారు చెప్పిన సంగతి మోసుకొచ్చి, వల బాగు చేసుకుంటున్న నాయన ముందు పెట్టినా.

"నాయనా, మద్రాసు నుంచి కలకత్తాకు గాలి దారిన దాదాపు పద్నాలుగు వందల కిలోమీటర్లంట. విమానం రెండు గంటల చిల్లరలో పోద్దంట."

ఆయన తలెత్తలేదు. "మనం నెల్లూరు పోవాలంటే ఎంతసేపురా?"

కాలవ దగ్గర పడవ కోసం కాసుకోవాలి... దాటినాక రోడ్డు దాకా నడవాలి... ఆడ బస్సు వచ్చిందాకా కూర్చోవాలి. "మూడు గంటలు" అన్నా.

"అయితే నెల్లూరు కన్నా కలకత్తానే దగ్గర."

నాకు అప్పుడే కోపం ముక్కు మీద ఉండేది. "దూరమంటే కిలోమీటర్లు నాయనా, గంటలు కాదు."

"సముద్రంలో ఎవరన్నా కిలోమీటరు రాళ్లు పాతినారా అబ్బయా?"

నిజమే... మా వాళ్లకు దూరమంటే ఎప్పుడూ 'ఎంతసేపు' అనే. వేటకు పోయినా గంట దూరం, పూట దూరం అనే చెప్పుకుంటారు.

నెల్లూరు సంతలో చేపలమ్మే అవ్వ ఖాళీ గంప ఎత్తుకుంటా, "దగ్గరేగా, రేపటి నుంచి నేను కలకత్తా సంతకే పోతాలే. అంత దూరం నెల్లూరికి నీ పెండ్లాన్ని పంపు" అనింది. అమ్మ కూడా నవ్వింది.

తర్వాత కాలవ మీద వంతెన పడింది. దాని వెనకే పొద్దుటి బస్సు వచ్చింది. నెల్లూరు మా గడప దాకా నడిచొచ్చినట్టు ఉండేది... నేను కాలేజీకి పోయింది ఆ బస్సులోనే. దొరికిన కరపత్రమల్లా చదివింది ఆ కిటికీ పక్కనే. మా చెల్లి నర్సింగులో చేరింది కూడా ఆ బస్సును నమ్ముకునే.

ఇప్పుడు అది లేదు. చెల్లి వంతెన దగ్గర ఆటో నిండిందాకా నిలబడి, రోడ్డుకు పోయి, ఇంకో బస్సు పట్టుకుని చేరేసరికి హాజరు పిలవడం అయిపోతా ఉంది. హాజరు చాలకపోతే పరీక్ష రాయనిచ్చేది లేదని కాలేజీలో చెప్పేసినారు.

మొన్న వంతెన దగ్గర నుంచే ఫోన్ చేసింది. "అన్నా, విమానం ఇప్పుడే పోయింది. అది కలకత్తాలో దిగినా నేను నెల్లూరులో దిగను."

ఒకప్పుడు నాయన నవ్వుతా అన్న మాట... చెల్లి నవ్వకుండా అనింది.

ఈ దూరం సముద్రం పెట్టింది కాదు, కాలవ పెట్టిందీ కాదు. ఆఫీసులో కూర్చుని ఒకరు సంతకం పెట్టి పెట్టింది.

మీ చిన్నప్పుడు మీ ఊరికి ఏది దగ్గర, ఏది దూరం? రాయండి... అన్నీ చదువుతా. మా పాళెం వాళ్లు, చుట్టుపక్కల వాళ్లు మాత్రం రాసి ఊరుకోవద్దు. సోమవారం పొద్దున ఆరు గంటలకు వంతెన దగ్గరికి రండి. అక్కడి నుంచి డిపోకు అందరం కలిసే పోదాం. నాయన ఆ రోజు వేటకు పోనన్నాడు.

విమానం మా నెత్తి మీదుగా పోయే వేళకు చెల్లి ఆడ ఒక్కతే నిలబడి ఉండకూడదు.