బుగ్గన తాటి కలకండ

పిన్నికి తోడుగా పుదుచ్చేరి వెళ్లి, క్యాన్సర్ డాక్టరు గది ముందు కూర్చున్నాను. నా ఫోను మాటలు విని, పక్కాయన తెలుగులోనే పలకరించాడు. ఆ ఊళ్లోనే తట్టాంచావడి వర్క్‌షాపులో ఫిట్టరట. తెరలు తెరలుగా వస్తున్న పొడిదగ్గును తాటి కలకండ ముక్క బుగ్గన పెట్టుకుని ఆపుకుంటున్నాడు.

“దగ్గుండాదంటే ఈ మందు ఆపేస్తారుమ్మా. గడ్డ కరిగేది దీంతోనే.”

“కొందరికి ఆ మందుకే ఊపిరితిత్తులు చెడతాయన్నా. మా అక్క కూడా ఇట్లే దాచింది.”

“ఇప్పుడు యాడుండాది ఆమె?”

ఫోన్లో, దండ వేసిన అక్క ఫోటో చూపించాను.

అంతలో ఆయన్ని లోపలికి పిలిచారు. గుమ్మం దగ్గర ఆగి, నోట్లోని కలకండ తీసి రుమాల్లో చుట్టుకున్నాడు. తలుపు మూసుకుంది.

లోపల్నించి దగ్గు వినబడేదాకా నా చేతులు కుర్చీని వదల్లేదు.