గూబపెట్టె

తొర్రూరు దాటాక బస్సు కిటికీలోంచి పాలుపోసుకుంటున్న వరి వాసన, పచ్చిగా, తియ్యగా, ముఖానికి తగిలినప్పుడల్లా నాకు ఎందుకో భయమేస్తుంది. టేకుమట్ల దగ్గర మా ఊళ్లో, నా చిన్నప్పుడు, ఎలుకలు పొలంలోకి దిగేది సరిగ్గా ఆ వాసన లేచినప్పుడే.

బతుకమ్మ రోజులవి. బాపు వాళ్లమ్మ, మా బాపమ్మ, నువ్వులు వేయించి దంచి, బెల్లం కలిపి సత్తుముద్దలు కడుతుంటే, పిల్లలం తంగేడు పూలకు గట్ల వెంట పోయి, మొదలంటా కొరికి పడేసిన వరి దుబ్బులు చూసి, పూలు మరిచి ఇంటికి పరుగెత్తేవాళ్లం. బాపు వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. ఆ మడి మా ఏడాది తిండి.

ఒక ఏడాది నాట్లకు ముందు ఫిలిప్పీన్స్ నుంచి ఒక మేడం వచ్చింది. పొట్టిగా, మా మేనత్తలా నవ్వు ముఖం. వాళ్ల వరి పొలాల్లోనూ ఇదే బాధట. రెండు దేశాలవాళ్లూ కలిసి, మందు పెట్టకుండా ఎలుకలను తగ్గించే పని మొదలుపెట్టారని వెంట వచ్చిన వరంగల్ సారు చెప్పాడు. ఊరంతా ఒకేసారి బొరియలు తవ్వాలి, గట్లు సన్నగా చెక్కాలి, పొలంలో గుడ్లగూబకు పెట్టె కట్టాలి. మొదటి రెంటికీ తలలూపినవాళ్లు మూడోది వినగానే లేచి నిలబడ్డారు. గూబ అరిస్తే ఇంట్లోంచి పీనుగ లేస్తుందని మా వైపు నమ్మకం. బాపు ఒక్కడే సరేనన్నాడు.

మా ఇంటి వెనక మడిలో వాసం మీద చెక్కపెట్టె లేచింది. కొన్నాళ్లకే తెల్లటి ముఖాల జంట ఒకటి అందులో చేరింది. ఆ ఏడాది దుబ్బులు నిలబడ్డాయి. కానీ చీకటి పడిందంటే గుడ్డ చించినట్టు అరుపు. సరిగ్గా అప్పుడే బాపమ్మ జ్వరంతో మంచం పట్టింది. వాకిట్లో గుసగుసలు మొదలయ్యాయి. బాపు తమ్ముడు, మా చిన్నాయిన, ఏడుస్తూ వచ్చాడు.

“ఆ పెట్టె తీసెయ్యరాదే అన్నా. అవ్వను తీస్కపోతది గది.”

బాపమ్మ మంచంలోంచే అంది: “అది నా కోసం రాలే కొడుకా, ఎలుకల కోసం అచ్చింది. ఉండనియ్యి.”

చిన్నాయిన మనసు ఊరుకోలేదు. పెట్టెను ముట్టుకోవడానికి జంకి, అన్నంలో ఎలుకల మందు కలిపి గట్ల వెంట పెట్టాడు. ఎలుకలు లేకపోతే గూబ దానంతటదే పోతుందనుకున్నాడు. తర్వాత ఒక పొద్దున నేను మడి దగ్గరికి వెళ్తే, పెట్టె కింద బురదలో రెక్కలు చాచి పడి ఉంది గూబ. మందు తిన్న ఎలుకల్నే అది తిన్నది. పైన పెట్టెలోంచి గూబ పిల్లల బుసలు వినిపిస్తున్నాయి. సాయంత్రానికి అవీ ఆగిపోయాయి. జంటలో రెండోది మళ్లీ కనిపించలేదు.

మేడం వచ్చి, దాన్ని రుమాలులో చుట్టి, మెల్లగా ఏదో అంది. సారు చెప్పాడు: “ఎలుకలు జల్దిన మళ్లొస్తయట. ఇది వచ్చుడే కష్టమట.”

“నాకేం ఎరుక మేడం, మా అవ్వ కోసం జేసిన,” అన్నాడు చిన్నాయిన తల దించుకుని.

బాపమ్మ జ్వరం తగ్గి లేచి తిరిగింది. ఆ యాసంగి పంటలోనే ఎలుకలు మునుపటిని మించి దిగాయి. మడిలో కోతకు మిగిలింది కొంచెమే. ఆ ఎండాకాలమంతా అన్నం లేక మక్క గటకతో గడిపాం. ఊళ్లో మందు అలవాటైపోయింది, మేడంవాళ్ల పని వేరే చోటికి మారింది. ఎన్నో ఏండ్లకు, ఒక వాన సాయంత్రం బాపమ్మ పోయింది. ఆ వేళ ఏ గూబా అరవలేదు. అరవడానికి ఊళ్లో ఏదీ మిగల్లేదు.

ఇప్పుడు మా ఊరి కిరాణా దుకాణంలో చాక్లెట్ల పక్కనే ఎలుకల మందు పొట్లాలు వేలాడుతుంటాయి. గట్ల మీద ముంగిస కనిపించి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. మొన్న పొలం చూసుకునే మా తమ్ముడు ఫోన్ చేశాడు.

“పొలమంతా బొక్కలేనక్కా. మందు తింటున్నయ్. సస్తలేవు.”