ముఖం చూపిస్తేనే పన్ను

మోటారమ్మ కుడిచేత్తో పిడి తిప్పుతోంది. ఎడమచేతి వేళ్ల మధ్య మడతపెట్టిన గుడ్డలోంచి రాగి తీగ జారి, చెక్క అచ్చు మీద చుట్టుకుంటోంది. నోరు లెక్క చెబుతోంది.

"నలభై... నలభై ఒకటి..."

ఆ కొట్లో లెక్క పైకి చెప్పాల్సిందే. కొట్టు పెట్టిన మామగారు పెట్టిన పద్ధతి అది. ఆయన పక్కన కూర్చుని, కాలిపోయిన మోటార్లు విప్పి విప్పి ఆమె ఈ పని పట్టుకుంది. భర్త సరుకుల బండి తోలుకుంటూ ఊళ్లు తిరుగుతాడు. కొట్టు ఆమె పేరు మీదే ఉంది. అచ్చు మీద తీగ ఉండగా ఆమెను ఎవరూ పలకరించరు.

ఆ వేళ మరిది పలకరించాడు.

"వదినా, ఒక్కసారి ఇటు చూడు."

అతను కొట్టు లెక్కలు చూస్తాడు. నిన్నమొన్నటిదాకా తన కుర్చీలోంచే కంప్యూటర్లో రెండు మీటలు నొక్కి పన్ను కట్టేసేవాడు. ఇప్పుడు పద్ధతి మార్చారు. యజమాని ఫోనులోకి ముఖం చూపించి, తెర మీది అంకెలు పైకి చదవాలట. పన్ను కట్టందే కొత్త బిల్లు రాదట. గడువు ఈ రోజే.

ఆమె చేతిలో ఉన్నది ప్రసూతి ఆసుపత్రి నీళ్ల పంపు మోటారు. ఆసుపత్రి పంపు మనిషి పొద్దున్నే వచ్చి గుమ్మంలో స్టూలు మీద కూర్చున్నాడు. అక్కడ ట్యాంకులో సాయంత్రానికి మించి నీళ్లు లేవు. బిల్లు లేని సామాను అక్కడి గేటు దాటదు.

పిడి ఆపి, తీగ వదలకుండానే ఆమె ఫోను వైపు చూసింది. నాలుక మాత్రం పని మీదే ఉంది.

"నలభై రెండు."

"అది కాదు వదినా, తెర మీదిది చదువు!"

"అరవై మూడు, యాభై ఎనిమిది. చాలా?"

ఫోను కాసేపు ఆలోచించి, ముఖం స్పష్టంగా లేదంది. ఆమె పళ్లు నూరి మళ్లీ పిడి అందుకుంది.

"యాభై తొమ్మిది... అరవై..."

చుట్టడం అయింది. తీగచుట్టను తీసి మిగతావాటి పక్కన పెట్టగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇది పలచగా ఉంది. రెండు వేళ్లతో నొక్కి చూసింది. లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడు వెలిగింది. నలభై రెండు తర్వాత యాభై తొమ్మిది!

కత్తెర తీసుకుని తీగచుట్టను అడ్డంగా కత్తిరించి పాత రాగి డబ్బాలోకి విసిరేసింది. డబ్బా ఖంగుమంది.

"ఇదే పెట్టి పంపితే ఏమయ్యేది? నాలుగు రోజులు తిరిగి మాడిపోయేది. బాలింతలకి ఆ ఫోనొచ్చి నీళ్లు మోస్తుందా?"

"నామీద అరిస్తే ఏం లాభం వదినా? నేనా మార్చింది?"

"మార్చినోడు నా ఎదురుగా లేడు, నువ్వున్నావ్. బాగున్నదాన్ని కెలికారు. అడిగారా మనల్ని ఒక్క మాట? చేతిలో పనున్న మనిషి ఒకరు ఉంటారని తోచిందా వాళ్లకి?"

"కాదు, గడువు..."

"ఫోను సొరుగులో పెట్టు. మోటారు బిగించేదాకా తీశావంటే దాన్నీ డబ్బాలోనే వేస్తా."

పంపు మనిషి మెల్లగా నోరు విప్పాడు. "మోటారమ్మగారూ, బిల్లు లేకపోతే మా గేటు దగ్గర..."

"తెలుసులేవయ్యా. కూర్చో."

కొత్త తీగ ఎక్కించింది. ఈసారి లెక్క కొట్టంతా వినబడింది. మోటారు లోపలి గాళ్లలో కాగితం పరిచి తీగచుట్టలు కూర్చింది, కొసలు కలిపి అతికించింది. వార్నిష్ పోసి హీటరు పెట్టెలో పెట్టింది. అది ఆరేసరికి మధ్యాహ్నం దాటింది. మోటారు బిగించి, చేతులు కడుక్కుని ఫోను ముందు కూర్చుంది.

"కనుబొమలు ముడవకండి, ముఖం ప్రశాంతంగా ఉంచండి" అంది ఫోను.

"విన్నావా దాని మాట?"

"కొంచెం నవ్వు వదినా, అయిపోతుంది."

"నవ్వు మీద కూడా పన్ను వేశారా? చేసేదంతా చేసి ప్రశాంతంగా ఉండాలట!"

ఫోను మళ్లీ కాదంది. గడియారం కేసి చూసి మరిది తల పట్టుకున్నాడు. చేసేదేమీ తోచక, లేచి వెళ్లి బల్ల మీది మోటారుకు కరెంటిచ్చాడు.

మోటారు వేగం అందుకుంది. గరగర లేదు, వణుకు లేదు. ధారలా ఒకటే సన్నని మోత. బల్ల మీది గ్లాసులో నీళ్లు కూడా కదల్లేదు. ఆమె చెవి అటు తిరిగింది. చూపు ఫోను మీదే ఉన్నా ఆమె వింటున్నది మోటారును. నుదుటి ముడి దానంతటదే విడింది.

తెర మీద అంకెలు వచ్చాయి. ఒక్కో అంకెనూ ఉమ్మేసినట్టు చదివింది. ఫోను ఒప్పుకుంది. పన్ను కట్టడం అయింది, బిల్లు యంత్రంలోంచి జారింది.

"చూశావా, కోపం తగ్గించుకుంటే..." అన్నాడు మరిది.

"తగ్గిందని ఎవడు చెప్పాడు? వచ్చే నెలా ఇదే కదా!"

మోటారు ఆపి, గుడ్డతో తుడిచి, వదినా మరిదీ చెరోపక్క పట్టి బయట ఆగిన ఆటోలోకి ఎత్తారు. పంపు మనిషి చేతిలో బిల్లు పెడుతూ ఆమె అంది:

"పంపుకి తగిలించే ముందు ఒట్టిగా తిప్పి చూడు. వెనక్కి తిరుగుతుంటే కరెంటు తీగలు రెండు అటూ ఇటూ మార్చు. బయల్దేరు, నీళ్లు ఎక్కించు."