బండ కాలుద్ది

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. మాచర్ల దగ్గర నాపరాళ్ల గనిలో, మా సినిమా యూనిట్ అంతా చూస్తుండగా, పల్నాడులోనే పుట్టి పెరిగిన ఒక ఆవిడతో "పల్నాటి ఆడది అట్టా మాట్లాడదు" అన్నాను.

ఆవిడ ఆ గనిలో రాళ్లు మోసే కూలీ. నరికిన కొడుకు శవాన్ని తెచ్చి దించితే తల్లి చూసే సీను అది. ఆ తల్లి వేషానికి ఆవిడను నేనే ఎంచుకున్నాను. ఉన్నది ఒకే డైలాగు: "ఒరేయ్, ఒక తలకి పది తలలు తెండ్రా!" వారం రోజులు బట్టీ పట్టింది. బెల్లంకొండలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, సినిమాలో మాట్లాడుతున్నానని చెప్పుకుందట.

టేకులో ఆ మాట ఆవిడ నోట రాలేదు. శవం పక్కన కూర్చుని, రాతిమీద చెయ్యి పెట్టి, "నీడకి జరపండయ్యా, బండ కాలుద్ది" అంది.

కట్ చెప్పాను. "ఏంది పెద్దమ్మా ఇది?"

"కొడుకు ఎండలో పడుంటే తలకాయలు లెక్కబెట్టుకుంటామా సారూ?"

అప్పుడే నోరు జారాను.

"పుట్టింది గురజాల, ఇచ్చింది ఈ ఊరు. మరి నేను ఏ దేశందాన్నంటావ్?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు భరించలేక, హైదరాబాదు నుంచి వేరే నటిని పిలిపించమన్నాను. ఆవిడ షూటింగు చీర విప్పి, మడతపెట్టి ఇచ్చి, వెళ్లిపోయింది.

నా మొదటి సినిమాలో కత్తి ఉంది. అది ఆడింది, అవార్డులొచ్చాయి. ఆ తర్వాత కత్తి లేని కథ ఏ నిర్మాతా వినలేదు. రెండుసార్లు చెప్పి చూసి నేనూ ఊరుకున్నాను. నరసరావుపేటలో టిఫిన్ తింటుంటే పక్కవాడు "ఈసారి ఎన్ని తలకాయలన్నా?" అంటాడు. నవ్వుతాను. గానుగెద్దుకు దారి తెలియక కాదు, మెడమీద కాడి ఉంది. కానీ నా కాడి నేనే ఎత్తుకున్నాను. మా బాబాయిని నరికి వాకిట్లో పడేసినప్పుడు మా నాయనమ్మ అడిగింది ఒక చాప. పగ కాదు. పక్కనే ఉండి విన్నాను. అది తెలిసీ ఇన్నేళ్లూ తల్లులందరి చేతా తొడలు కొట్టించాను.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, తప్పయిందన్నాను.

"అందరి ముందు అని, ఇంటికొచ్చి చెవిలో చెబుతావేంది?" అంది, చేట పక్కన పెట్టకుండానే.

మర్నాడు ఆవిడ రాళ్లు మోయడానికి వచ్చాక, గనిలో అందరి ముందూ మైకు తీసుకున్నాను. "ఈవిడ చెప్పిందే పల్నాటి మాట. నేను రాసింది అబద్ధం. నాకు తెలిసే రాశాను" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నిర్మాతకు ఫోన్ చేస్తే, "ట్రైలర్ మొత్తం ఆ డైలాగు మీదేనయ్యా, పిచ్చా నీకు?" అని అరిచాడు. ఇక అది లేదని చెప్పి పెట్టేశాను. హైదరాబాదు నటికి రావద్దని నేనే చెప్పి, క్షమించమన్నాను. తర్వాత, ముందురోజు తను మడతపెట్టి ఇచ్చిన చీరే పెద్దమ్మకు అందించి, "నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి పెద్దమ్మా, నేను కట్ అనను" అన్నాను.