యాభైలో పద్నాలుగు

నాగిరెడ్డిపేటలో పోచవ్వ నోటికి జంకని ఆసామి లేడు. పోచారం ప్రాజెక్టు నీళ్ల కింద పాతికేళ్లుగా నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు ఆమే పెద్ద. "నేనేసిన నాటు నాలుగు మళ్లల్ల పచ్చబడ్డది" అని ఎవరైనా మురిస్తే చాలు, "ఎన్ని మళ్లు ఏస్తే?" అని అడిగి ఆ మురిపెం అక్కడికక్కడే దించేస్తుంది.

అలాంటి మనిషి ముందుకు వియ్యంకుడు కిష్టయ్య తన ఊరు రామారెడ్డి నుంచి ఓ గొప్ప కబురు మోసుకొచ్చాడు. పోచవ్వ కూతురు ఆశ్రిత తొలి కాన్పుకు పుట్టింట్లో ఉంది. కాన్పులో కోత అంటే ఆ పిల్లకు ప్రాణం పోయేంత భయం.

"కామారెడ్డిల పెద్ద దవాఖాన చూసిన చెల్లే! కిందటి నెల డెబ్బై ఎనిమిది ఆపరేషన్లట, గోడ మీద రాసి పెట్టిండ్రు. గంత చెయ్యి తిరిగిన డాక్టర్లు ఇంకెక్కడ దొరుకుతరు?"

"ఎన్ని కాన్పులల్ల అన్నా?"

ఆ లెక్క కిష్టయ్య చూసి రాలేదు.

మర్నాడే పోచవ్వ కూతుర్ని తీసుకుని బస్సెక్కింది. తనకు చదువు రాదు, రెండు ఆసుపత్రుల గోడల మీది లెక్కలూ ఆశ్రిత చదివి చెప్పింది. కామారెడ్డిలో కాన్పులు తొంభై, ఆపరేషన్లు డెబ్బై ఎనిమిది. ఎల్లారెడ్డిలోని చిన్న ఆసుపత్రిలో కాన్పులు యాభై, ఆపరేషన్లు పద్నాలుగు. దాని కిందే ఇంకో వరస ఉంది: కుట్లు చీము పట్టినవి ఒకటి. ఆశ్రిత ముఖం పాలిపోయింది.

"తమ తప్పు తామే గోడకెక్కిచ్చినోళ్లు మనకు అబద్ధం చెప్పరు బిడ్డా."

అక్కడి నర్సు సలోమి నవ్వింది. "కష్టమైన కాన్పులు కామారెడ్డికే పోతయి అవ్వా. ఆ లెక్క పెరిగేది కొంత అందుకే."

"మరి నా బిడ్డది కష్టమైనదా?"

"ఇప్పటికైతే కాదు."

పోచవ్వకు ఆ మాట చాలు. ఎల్లారెడ్డికే పేరు రాయించింది.

నొప్పులొచ్చిన రోజు మధ్యాహ్నానికి కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం మందగించింది. ఆపరేషన్ తప్పదంది డాక్టరమ్మ. "ఈడ గూడ కోతేనాయె!" అన్నాడు కిష్టయ్య. ఆశ్రిత తల్లి చెయ్యి వదల్లేదు. పోచవ్వ కూతురి నుదుటి చెమట తుడిచింది.

"యాభైల పద్నాలుగే కోసేటోళ్లు కొయ్యాలంటున్నరంటే ఉత్తగ అంటలేరు బిడ్డా. ధైర్యంగ పో."

ఆశ్రిత కళ్లు తుడుచుకుని చెయ్యి వదిలింది.

గంట గడవకముందే లోపల కేరుమన్నది ఆడపిల్ల. కిష్టయ్య కనబడ్డవాళ్లందరికీ మూడు కిలోలని చాటింపు వేశాడు. ఆశ్రితను బయటికి తెచ్చేసరికి పోచవ్వ తలుపు పక్కన కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"నేనే భయపడలే గదనే అవ్వా," అంది ఆశ్రిత. "నువ్వెందుకు ఏడుస్తున్నవే?"