గవ్వ గుచ్చిన నల్లతాడు

నా చిన్నప్పుడు జువ్వలదిన్నె దగ్గరి మా పాలెంలో పాముకన్నా మైలకే ఎక్కువ భయపడేవాళ్లు. సముద్రం తెచ్చిన శవాన్ని ఎవరైనా తాకితే పది రోజులు ఒక్క తెప్ప కూడా నీళ్లలోకి దిగకూడదు. వేట లేకపోతే ఏ ఇంట్లోనూ పొయ్యిలో పిల్లి లేచేది కాదు.

మా తాతయ్య అక్కడి బడిలో అయ్యవారు. నెల్లూరు నుంచి లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చుకుని, ఎవరూ అడక్కపోయినా పాతకాలపు గ్రీకుల సంగతులు చెబుతుండేవారు. వినేది నేనొక్కదాన్నే, అదీ బెల్లంముక్క పెడితేనే.

ఒకసారి పక్కింటి అక్క మొగుడు వేటకు పోయి గాలివానలో చిక్కుకున్నాడు. నాలుగు రోజులైనా రాలేదు. ఐదోనాడు పొద్దున తాతయ్యా నేనూ ఒడ్డుకు వెళ్లేసరికి, బోర్లా పడి ఉన్న ఒక శవాన్ని నలుగురు మగవాళ్లు తెడ్లతో అలల్లోకి నెడుతున్నారు.

"మొగమన్నా చూడండి నాయనా," అన్నారు తాతయ్య.

"చూసి మనోడైతే తాకక తప్పదు గదా అయ్యవారా. ఇప్పుడిప్పుడే చేప పడతా ఉంది. బిడ్డలకేం పెట్టేది?"

తెడ్డు తగిలి కాలు పైకి లేచింది. చీలమండకు నల్లతాడు, తాడుకు గవ్వ. ఆ గవ్వ గుచ్చింది నేనే, అక్క పక్కన కూర్చుని. నోరు తెరిచాను. చెబితే పాలెమంతా నా వల్లే పస్తులుంటుందని భయమేసి మళ్లీ మూసుకున్నాను. ఈలోగా అల వచ్చి అతన్ని తీసుకుపోయింది.

తాతయ్య నా తల మీద ఉప్పునీళ్లు చల్లి ఇంటికి తీసుకొచ్చారు. మధ్యాహ్నానికి గానీ ఆయనకు చెప్పలేకపోయాను. వినీ వినగానే చెప్పులైనా వేసుకోకుండా ఒడ్డుకు పరుగెత్తారు. పొద్దుగూకేదాకా తిరిగినా సముద్రం మళ్లీ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం బెల్లంముక్క లేకుండానే విన్నాను. గ్రీకులకూ మైల ఉండేదట, దాన్ని మియాస్మా అనేవాళ్లట. చావింట్లో, పురిటింట్లో అంటిన మైలను నీళ్లతో కడుక్కునేవాళ్లు, సముద్రపు నీళ్లయితే మరీ మంచిదట. కానీ దిక్కులేని శవాన్ని చూసి గుప్పెడు మట్టయినా వేయకుండా పోయినవాడి మీద దేవుళ్ల కోపం పడుతుందట. దానికి ఇంకో మాట, అగోస్. అది నీళ్లకు లొంగదన్నారు.

"మనం తాకలేదు. అయినా అంటింది," అని, నా మొహం చూసి, "నీకు కాదులే, నాకు," అన్నారు. ఆయన నా కోసం అబద్ధమాడారని ఆ వయసులోనే తెలిసింది.

అక్కకు చెప్పాలని ఆమె గడప దాకా రెండుసార్లు పోయి, ఊరికే తిరిగి వచ్చారు. శవం లేదు కాబట్టి అక్కకు మైలా లేదు, కర్మా లేదు. బొట్టు పెట్టుకుని రోజూ ఒడ్డున నిలబడేది. ఒకరోజు నన్ను పిలిచి నల్లతాడూ గవ్వా చేతిలో పెట్టింది.

"పాతది తెగిపోయుంటాది మే. ఇంకోటి గుచ్చియ్యి. ఆయన వస్తానే కడతా."

గుచ్చి ఇచ్చాను.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. సముద్రం దగ్గరికి వెళ్లినప్పుడల్లా గుప్పెడు ఇసుక తీసి అలలోకి వేసి వస్తాను. ఇన్నేళ్లుగా వేస్తూనే ఉన్నాను. ఆనాడు వేయాల్సిన గుప్పెడు మాత్రం ఇంకా పడలేదు.